కీమోథెరపీలో ఇమ్యూనిటీని 'నిద్ర హార్మోన్' కాపాడుతుందా? మెలటోనిన్ మాత్ర కొనే ముందు ఇవి తెలుసుకోండి!

రంజాన్ నెల వచ్చిందంటే పత్తర్‌గట్టి నిద్రపోదు. చార్మినార్ నుంచి మదీనా సెంటర్ వరకు రాతి కమాన్ల కింద బట్టల షాపులు, ముత్యాల దుకాణాలు, అత్తరు కొట్లు సహరీ వేళ దాకా వెలుగుతూనే ఉంటాయి. అదే టైమ్‌లో, అంటే అర్ధరాత్రి దాటాక 2 నుంచి 4 గంటల మధ్య, చీకటి గదిలో నిద్రపోతున్న మనిషి ఒంట్లో ఓ హార్మోన్ గరిష్ఠ స్థాయికి చేరుతుంది. దాని పేరు మెలటోనిన్. అందరూ 'నిద్ర హార్మోన్' అంటారు.

ఇప్పుడు ఈ హార్మోన్ గురించి ఇంకో మాట వినిపిస్తోంది. కీమోథెరపీ వల్ల దెబ్బతినే రోగనిరోధక అవయవాలను ఇది కాపాడుతుందని! నిద్ర మాత్రగా మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో ఈజీగా దొరుకుతుంది. పైగా "మన ఒంట్లో తయారయ్యేదే కదా, నష్టం ఏముంది?" అనే ధీమా. దీంతో ఇంట్లో క్యాన్సర్ పేషెంట్ ఉన్నవాళ్లు ఎవరో చెప్పారని కొనేసే అవకాశం ఎక్కువ.

మరి ఇందులో నిజమెంత? కీమో నడుస్తుండగా ఇది వేసుకోవచ్చా? ఒక్కొక్కటిగా చూద్దాం.

కీమో ఇమ్యూనిటీని ఎందుకు దెబ్బతీస్తుంది?

క్యాన్సర్ కణాల లక్షణం ఏంటంటే, అవి ఆగకుండా, వేగంగా రెట్టింపు అవుతూ పోతాయి. చాలా కీమో మందులు ఇలా వేగంగా విభజన చెందే కణాలనే టార్గెట్ చేస్తాయి. సమస్య కూడా అక్కడే మొదలవుతుంది. ఒంట్లో వేగంగా పెరిగే మంచి కణాలు కూడా ఉంటాయి కదా. జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల లోపలి పొర, ఎముక మజ్జ. మందుకి వీటికీ క్యాన్సర్‌కీ తేడా పూర్తిగా తెలియదు. అందుకే జుట్టు రాలుతుంది, నోట్లో పుండ్లు వస్తాయి, బ్లడ్ కౌంట్ పడిపోతుంది.

ఇమ్యూనిటీ విషయంలో మూడు చోట్ల దెబ్బ పడుతుంది.

మొదటిది ఎముక మజ్జ. రక్తకణాలన్నీ తయారయ్యే ఫ్యాక్టరీ ఇదే. ఇన్‌ఫెక్షన్‌తో ముందుగా పోరాడే న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు కూడా ఇక్కడి నుంచే వస్తాయి. వీటి ఆయుష్షు చాలా తక్కువ. అందుకే ఫ్యాక్టరీ కొన్ని రోజులు ఆగిపోతే చాలు, స్టాక్ ఖాళీ. సాధారణంగా కీమో ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య కౌంట్ బాగా అడుగుకు పోతుంది.

రెండోది థైమస్. ఛాతీ ఎముక వెనుక, గుండెకు కాస్త పైన ఉండే చిన్న గ్రంథి ఇది. 'టీ కణాలు' అనే తెల్లకణాలకు ఇది ట్రైనింగ్ స్కూల్ లాంటిది. ఎవరు శత్రువు, ఎవరు మనవాడు అన్నది అవి ఇక్కడే నేర్చుకుంటాయి. వయసు పెరిగే కొద్దీ థైమస్ దానంతట అదే కుంచించుకుపోతుంది. కీమో దాన్ని ఇంకా కుదిస్తుంది. పిల్లల్లో ఇది త్వరగా కోలుకుంటుంది. పెద్దవాళ్లలో మాత్రం టీ కణాలు మళ్లీ మామూలు స్థాయికి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పట్టొచ్చు.

మూడోది ప్లీహం. పొట్టలో ఎడమవైపు, పక్కటెముకల కింద ఉంటుంది. రక్తాన్ని వడపోస్తూ, అందులోకి వచ్చిన సూక్ష్మక్రిములను పట్టుకునే చెక్‌పోస్ట్ అన్నమాట.

మజ్జను త్వరగా కోలుకునేలా చేసే మందులు ఇప్పటికే ఉన్నాయి. థైమస్‌ను కాపాడటానికి కీమోతో పాటు రొటీన్‌గా ఇచ్చే మందు మాత్రం లేదు. మెలటోనిన్ మీద సైంటిస్టులకు ఆసక్తి పెరగడానికి ఇదీ ఒక కారణం.

మెలటోనిన్ ఎక్కడిది?

మెదడు మధ్యలో బఠాణీ గింజ కంటే చిన్నగా ఉండే పీనియల్ గ్రంథి దీన్ని తయారు చేస్తుంది. చీకటి పడితే స్రావం పెరుగుతుంది, కంటి మీద వెలుతురు పడితే తగ్గుతుంది. 1958లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఆరన్ లెర్నర్ బృందం ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి దీన్ని తొలిసారి వేరుచేసింది.

మొదట్లో ఇది చర్మం రంగుకు సంబంధించిన పదార్థం అనుకున్నారు. తర్వాత నిద్రతో ఉన్న లింక్ బయటపడింది. ఆ తర్వాత ఇంకో విషయం తేలింది. మెలటోనిన్ సందేశాన్ని అందుకునే రిసెప్టార్లు మెదడులోనే కాదు, రోగనిరోధక కణాల మీద కూడా ఉన్నాయి. పైగా ఇది యాంటీ ఆక్సిడెంట్‌గా పనిచేస్తుంది. అంటే కణాలను పాడుచేసే ఫ్రీ ర్యాడికల్స్‌ను అదుపు చేస్తుంది. కొన్ని కీమో మందులు మంచి కణాలకు చేసే నష్టంలో ఈ ఫ్రీ ర్యాడికల్స్ పాత్ర ఉంటుంది.

ఇక్కడే ఐడియా పుట్టింది. ఈ హార్మోన్‌ను బయటి నుంచి ఎక్కువ మోతాదులో ఇస్తే మజ్జ, థైమస్, ప్లీహం సేఫ్‌గా ఉంటాయా?

ఎలుకల్లో బాగానే పనిచేసింది

జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మంచి ఫలితాలే వచ్చాయి. ముందు వరుసలో ఉన్న పేరు స్విట్జర్లాండ్ పరిశోధకుడు జార్జెస్ మేస్ట్రోని. 1994లో ఆయన బృందం క్యాన్సర్ ఉన్న ఎలుకలకు కీమో మందుతో పాటు మెలటోనిన్ ఇచ్చింది. వాటి మజ్జ కణాలకు రక్షణ దొరికినట్టు గమనించింది. మెలటోనిన్ నేరుగా మజ్జను కాపాడటం లేదని, టీ కణాలను కదిలించి వాటి ద్వారా మజ్జకు 'కణాలు తయారు చెయ్' అనే సిగ్నల్ పంపుతోందని వివరించింది.

వినడానికి చాలా బాగుంది. కానీ ఎలుకకు పనిచేసింది మనిషికీ పనిచేస్తుందని గ్యారెంటీ లేదు. మోతాదు వేరు, ఒళ్లు వేరు. ఎలుక అయితే రాత్రిపూట తిరిగే జీవి కూడా.

మనుషుల్లో.. ఒకే ఏడాది, రెండు జవాబులు!

1999లో రెండు స్టడీలు వచ్చాయి. ఈ రెండూ చూస్తే గందరగోళం ఎక్కడుందో అర్థమవుతుంది.

ఒకటి ఇటలీది. పావొలో లిస్సోని బృందం క్యాన్సర్ బాగా ముదిరి, ఆరోగ్యం క్షీణించిన 250 మంది పేషెంట్ల మీద చేసింది. కీమోతో పాటు రోజూ సాయంత్రం 20 మిల్లీగ్రాముల మెలటోనిన్ తీసుకున్న వాళ్లలో ప్లేట్‌లెట్లు పడిపోవడం లాంటి సైడ్ ఎఫెక్ట్స్ తగ్గాయని రిపోర్ట్ చేసింది. అయితే ఇందులో ఎవరికి మెలటోనిన్ ఇస్తున్నారో డాక్టర్లకీ తెలుసు, పేషెంట్లకీ తెలుసు.

రెండోది ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్ల మీద జరిగింది. చిన్న స్టడీ, 20 మందే. కానీ పద్ధతి చాలా కఠినం. ఎవరికి 40 మిల్లీగ్రాముల మెలటోనిన్ వెళ్తోంది, ఎవరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర వెళ్తోంది అన్నది డాక్టర్‌కీ తెలియదు, పేషెంట్‌కీ తెలియదు. ఫలితం? బ్లడ్ కౌంట్ విషయంలో రెండు గ్రూపుల మధ్య తేడా కనిపించలేదు. మజ్జకు రక్షణ దొరకలేదు.

తేడా ఎందుకు వచ్చింది? మందు వేసుకుంటున్నామని తెలిస్తే పేషెంట్ బాగున్నానని చెప్పే అవకాశం ఎక్కువ. డాక్టర్ చూసే చూపులో కూడా మార్పు వస్తుంది. అందుకే ఎవరికేం ఇస్తున్నారో దాచిపెట్టి చేసే ట్రయల్స్‌కి ఎక్కువ విలువ ఇస్తారు. అలాగని 20 మందితో చేసిన స్టడీ కూడా ఫైనల్ తీర్పు కాదు.

2021లో కెనడా నుంచి ఓ పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న 709 మందిలో కొందరికి ఏడాది పాటు ప్రతి రాత్రీ 20 మిల్లీగ్రాముల మెలటోనిన్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రెండేళ్ల తర్వాత చూస్తే, క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవారి విషయంలో రెండు గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది కీమో డ్యామేజ్ మీద చేసిన ట్రయల్ కాదు. కానీ 'మెలటోనిన్ వేసుకుంటే క్యాన్సర్ మళ్లీ రాదు' అనే ప్రచారానికి ఇది గట్టి జవాబే.

మొత్తంగా చెప్పాలంటే, జంతువుల్లో ఆశాజనకం. మనుషుల్లో రుజువు సరిపోదు.

'సహజం' అయితే సేఫేనా? మన భీమవరం బిడ్డ కథ వినండి

"సహజమైనదే కదా, పనిచేయకపోయినా నష్టం లేదు" అనే మాట దగ్గరే అసలు ప్రమాదం ఉంది. దీనికి జవాబు తెలుగు నేల మీద పుట్టిన ఓ సైంటిస్ట్ జీవితంలోనే దొరుకుతుంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో పరిశోధనలకు నాయకత్వం వహించారు.

ఆయన బృందం 1940ల్లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది. ఫోలిక్ యాసిడ్ అంటే ఆకుకూరల్లో ఉండే బీ విటమిన్. గర్భిణులకు డాక్టర్లు రాసే మాత్ర. ఇంతకంటే సహజమైనది ఏముంటుంది? కానీ బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఇలాంటి ఫోలిక్ యాసిడ్ పదార్థాలను ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా ఇంకా వేగం పుంజుకున్నట్టు కనిపించింది! మంచి కణాలకు బలాన్నిచ్చే విటమిన్, క్యాన్సర్ కణాలకూ మేతగా మారింది.

అప్పుడు ఆలోచన తిరగబడింది. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు ఇస్తే? సుబ్బారావు బృందం తయారు చేసిన అమైనోప్టెరిన్‌ను ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చారు. వారిలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం దొరికింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో ఉన్న కీమో మందు.

కథ ఇక్కడితో అయిపోలేదు. మెథోట్రెక్సేట్‌ను భారీ మోతాదులో ఇస్తే మజ్జ దెబ్బతింటుంది. దాన్ని కాపాడటానికి డాక్టర్లు వాడేది మళ్లీ ఫోలిక్ యాసిడ్ బంధువునే! ల్యూకోవోరిన్ అంటారు. కానీ ఎప్పుడు ఇవ్వాలి అన్నదే ఇక్కడ కీలకం. కీమో తన పని తాను చేశాక, సాధారణంగా 24 గంటల తర్వాత మొదలుపెడతారు. రక్తంలో మెథోట్రెక్సేట్ ఎంత మిగిలిందో పరీక్షలు చేస్తూ మోతాదు సరిచేస్తారు. ముందే ఇస్తే క్యాన్సర్ కణం కూడా తప్పించుకోవచ్చు. బాగా లేటైతే మజ్జ దక్కదు.

మెలటోనిన్‌కూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. కొన్ని కీమో మందులు క్యాన్సర్ కణాలను చంపడంలో ఫ్రీ ర్యాడికల్స్‌ కూడా భాగమే. వాటిని అదుపు చేసే యాంటీ ఆక్సిడెంట్‌ను బయటి నుంచి ఎక్కువగా ఇస్తే, మంచి కణాలతో పాటు క్యాన్సర్ కణాలకూ గొడుగు పట్టినట్టు అవుతుందేమో అన్నది డాక్టర్ల అనుమానం. అందుకే కీమో టైమ్‌లో సొంతంగా సప్లిమెంట్లు వద్దని చెబుతారు.

రుజువైన రక్షణ హైదరాబాద్‌లోనే తయారవుతోంది

అలాగని ఒంట్లో సహజంగా ఉండే పదార్థాలతో ఇమ్యూనిటీని కాపాడే ఐడియా తప్పేం కాదు. కరెక్ట్‌గా రుజువైన ఉదాహరణ ఒకటుంది. పేరు జీ-సీఎస్ఎఫ్. మన ఒళ్లే తయారు చేసుకునే, హార్మోన్ లాంటి ప్రొటీన్ ఇది. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు 'న్యూట్రోఫిల్స్ తయారీ పెంచు' అని మజ్జకు ఆర్డర్ వేస్తుంది.

దీన్ని ల్యాబ్‌లో తయారు చేసి ఫిల్‌గ్రాస్టిమ్ పేరుతో ఇంజెక్షన్‌గా తెచ్చారు. 1991లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌ ఉన్నవారి మీద చేసిన ట్రయల్‌లో, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్న వారిలో 77 శాతం మందికి కౌంట్ పడిపోయి జ్వరం వచ్చింది. అసలు ఇంజెక్షన్ తీసుకున్న వారిలో అది 40 శాతానికి తగ్గింది. రుజువు అంటే ఇలా ఉంటుంది.

హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2001లో 'గ్రాఫీల్' పేరుతో దీని దేశీ వెర్షన్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి. క్యాన్సర్ వార్డుల్లో 'కౌంట్ పెంచే ఇంజెక్షన్' అని పేషెంట్ల బంధువులు చెప్పుకునేది సాధారణంగా దీని గురించే.

ఇది కూడా అందరికీ ఇవ్వరు. ఏ మందు ఎక్కిస్తున్నారు, పేషెంట్ వయసెంత, ఇంతకుముందు కౌంట్ పడిపోయిందా అన్నవి చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. సాధారణంగా కీమో అయ్యాక కనీసం 24 గంటలు ఆగి మొదలుపెడతారు. ఎముకల్లో నొప్పులు దీనికి మామూలు సైడ్ ఎఫెక్ట్. ఇంకో విషయం, ఇది మజ్జకే సాయం చేస్తుంది. థైమస్‌ను కాపాడదు.

డబ్బా మీద రాసింది వేరు, లోపల ఉన్నది వేరు!

మెలటోనిన్ కొనే విషయంలో ఇంకో చిక్కు ఉంది. సప్లిమెంట్‌గా అమ్మేవాటిలో ఎంత మందు ఉందో నమ్మకం తక్కువ. 2017లో కెనడాలో 31 రకాల మెలటోనిన్ సప్లిమెంట్లను టెస్ట్ చేశారు. లేబుల్ మీద రాసినదానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా తేడాలు బయటపడ్డాయి. నాలుగో వంతుకు పైగా వాటిలో లేబుల్ మీద లేని సెరొటోనిన్ అనే పదార్థం కూడా దొరికింది. 2023లో అమెరికాలో అమ్మే 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే 22 వాటిలో లేబుల్ తప్పుగా ఉంది. ఒకదాంట్లో అసలు మెలటోనినే లేదు!

మామూలు మనిషికి ఇది నిద్రమత్తుతో పోవచ్చు. కీమోలో ఉన్న పేషెంట్ ఒంట్లోకి ఏం వెళ్తోందో తెలియకపోవడం మాత్రం చిన్న విషయం కాదు.

వీళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి

- రక్తం పలుచబడే మందులు, ముఖ్యంగా వార్‌ఫరిన్ వాడేవాళ్లు. రక్తస్రావం రిస్క్ పెరగొచ్చు. కీమోలో ప్లేట్‌లెట్లు ముందే తక్కువగా ఉంటాయన్నది మర్చిపోవద్దు.
- అవయవ మార్పిడి చేయించుకుని ఇమ్యూనిటీని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు.
- రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లు. ఇక్కడ జబ్బు ఉన్నదే రోగనిరోధక కణాల్లో. వాటిని ప్రేరేపించేది ఏదైనా డాక్టర్‌ను అడక్కుండా వాడకూడదు.
- డిప్రెషన్‌కు ఫ్లూవాక్సమైన్ వాడేవాళ్లు. ఇది మెలటోనిన్ స్థాయిని చాలా పెంచేస్తుంది.

నిద్ర పట్టకపోవడం కీమో పేషెంట్లకు నిజంగానే పెద్ద బాధ. దానికోసం డాక్టర్ మెలటోనిన్ రాస్తే, రాసిన మోతాదులో వాడొచ్చు. అది వేరే సంగతి. నిద్ర కోసం వేసుకోవడం ఒకటి, ఇమ్యూనిటీ కోసం ఎవరో చెప్పిన డబుల్ డోసు మింగడం ఇంకొకటి. గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ పక్కన పెట్టి పడుకుంటే ఒంట్లో మెలటోనిన్ దానంతట అదే వస్తుంది. నిద్రకు మంచిది. కానీ అంత మాత్రాన బ్లడ్ కౌంట్ పెరుగుతుందని అనుకోవద్దు.

పాతబస్తీలో యునాని, ఆయుర్వేదం, ఇంటి వైద్యం వాడే కుటుంబాలు చాలానే ఉంటాయి. చార్మినార్ పక్కనే యునాని ఆసుపత్రి కూడా ఉంది. ఏది వాడుతున్నా సరే, క్యాన్సర్ డాక్టర్ దగ్గర దాచొద్దు. తిడతారేమో అని చెప్పకపోతే, తేడా వచ్చినప్పుడు కారణం ఏంటో కనిపెట్టడం కష్టమవుతుంది. సీసాలు, డబ్బాలు అన్నీ సంచిలో వేసుకుని ఓపీకి తీసుకెళ్లి చూపించండి.

ప్రాణం నిలబెట్టేది మాత్ర కాదు.. థర్మామీటర్!

కీమో పేషెంట్ ఇంట్లో మెలటోనిన్ డబ్బా లేకపోయినా ఫర్వాలేదు. థర్మామీటర్ మాత్రం ఉండాల్సిందే. ఎందుకంటే కౌంట్ పడిపోయినప్పుడు వచ్చే జ్వరం ఎమర్జెన్సీ. న్యూట్రోఫిల్స్ మైక్రోలీటర్‌కు 500 కంటే తగ్గితే మామూలు క్రిమి కూడా గంటల్లో ప్రాణం మీదకు తేగలదు. పోరాడే కణాలే లేవు కాబట్టి చీము, వాపు లాంటి లక్షణాలు కూడా సరిగా కనిపించవు. చాలాసార్లు జ్వరం ఒక్కటే సైరన్.

అందుకే ఇవి గుర్తుపెట్టుకోండి:

- 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం ఉంటే వెంటనే ట్రీట్‌మెంట్ ఇస్తున్న ఆసుపత్రికి ఫోన్ చేయండి. 'పొద్దున చూద్దాంలే' అనొద్దు. అర్ధరాత్రైనా సరే బయల్దేరాలి.
- జ్వరం చూడకుండా పారాసిటమాల్ వేసేయొద్దు. జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, ఇన్‌ఫెక్షన్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది.
- ఆసుపత్రికి వెళ్లగానే మొదట చెప్పాల్సిన మాట: "కీమో నడుస్తోంది, ఫలానా రోజు ఎక్కించారు." యాంటీబయోటిక్ గంటలోపు మొదలవ్వాలి.
- చలి, వణుకు, ఆయాసం, మగతగా ఉండటం కనిపిస్తే జ్వరం లేకపోయినా ఆలస్యం చేయొద్దు.
- కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య రద్దీ ప్రదేశాలకు దూరంగా ఉండటం మంచిది. పండగ షాపింగ్‌కి పత్తర్‌గట్టి వెళ్లాలనిపించినా ఆ వారం ఇంట్లోవాళ్లను పంపండి. తప్పనిసరైతే మాస్క్ ఉండాలి.
- సబ్బుతో చేతులు కడుక్కోవడం పేషెంట్‌కే కాదు, ఇంట్లో అందరికీ రూల్. రోడ్డు మీద కోసి పెట్టిన పండ్లు, సగం ఉడికిన మాంసం, గుడ్లు వద్దు.
- ఏ టీకా అయినా డాక్టర్‌ను అడిగాకే.

పత్తర్‌గట్టి నుంచి నయాపూల్ మీదుగా మూసీ దాటితే ఉస్మానియా ఆసుపత్రి. ఇంకాస్త ముందుకెళ్తే రెడ్ హిల్స్‌లో 1955 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. దూరం తక్కువే. జ్వరం వచ్చిన రాత్రి ఆ కొద్ది దూరం ఎంత త్వరగా దాటారన్నదే లెక్క. వెళ్లడానికి బండి ఎవరిది, ఫైల్ ఎక్కడుంది, ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి అన్నవి ముందే రాసి తలుపు వెనుక అతికించుకోండి. అవసరమైతే 108కి కాల్ చేయండి.

మెలటోనిన్ మీద పరిశోధనలు ఆగలేదు. రేపు పెద్ద ట్రయల్స్‌లో ఏ మోతాదు, ఏ కీమోతో, ఏ టైమ్‌లో ఇస్తే థైమస్‌కు మేలు జరుగుతుందో తేలితే అది మంచి వార్తే అవుతుంది. అప్పటివరకు అది నిద్ర మాత్రే. ఇమ్యూనిటీకి కవచం కాదు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏ మందు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా, మోతాదు మార్చాలన్నా మీకు చికిత్స చేస్తున్న డాక్టర్‌ను సంప్రదించండి.